రెండు గులాబీరంగులు

సియోల్‌లో ఏ సీరియల్‌లో పెళ్లి రసాభాస కావాలన్నా నటి ఓక్‌రేకి కబురు వెళ్లాల్సిందే. కుర్చీ తన్నడం, వియ్యపురాలి జుట్టు పట్టుకోవడం, చతికిలబడి గుండెలు బాదుకోవడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. షాటుకి ముందు ఉంగరం తీసి జేబులో వేసుకోవడం అలవాటు.

ఇవాళ సొంత కూతురి పెళ్లి. ఆచారం ప్రకారం పెళ్లికూతురి తల్లి గులాబీరంగు హన్‌బోక్ దుస్తుల్లో, పెళ్లికొడుకు తల్లి నీలంరంగులో వచ్చి, వేదికమీద కొవ్వొత్తులు వెలిగించాలి. తీరా చూస్తే, విడిపోయిన భర్త పక్కన, తల్లి కుర్చీలో అతని రెండో భార్య కూర్చుని ఉంది. ఆమెదీ గులాబీరంగే. ఓక్‌రే మెల్లగా ఉంగరం తీసింది. చుట్టాలు ఫోన్లు పైకెత్తారు.

“ఒసేయ్, ఇవాళ వద్దే!” అంది అక్క.

“గొడవ చేస్తే నాకు కూలి ఇస్తారక్కా. ఊరికే ఎందుకు చేస్తాను?” అని ఉంగరం అక్క చేతిలో పెట్టి, తిన్నగా ఆ కుర్చీ దగ్గరికి వెళ్లింది.

“లే చెల్లీ, ఇది నా చోటు. నీకు పక్కన ఇంకోటి వేయిస్తాను.”

ఆమె తలొంచుకుని లేచింది.

తీరా కొవ్వొత్తి దగ్గరికొచ్చేసరికి ఓక్‌రే చెయ్యి ఒకటే వణుకు. వత్తి అంటుకోదు. నీలంరంగు వియ్యపురాలు ఆ చేతికింద తన చెయ్యి ఆనించింది.