ఇసుక దిబ్బ మీద కంచె

తొంభైల్లో నాకు ఉదయగిరి నుంచి సముద్రం ఒడ్డున ఒక చిన్న పల్లెకు బదిలీ అయింది. ఎలిమెంటరీ బడి. నేను మెట్టలో పుట్టి పెరిగినదాన్ని. చిన్నప్పుడు చర్చి వాళ్లతో విహారానికి వెళ్లినప్పుడు తప్ప సముద్రాన్ని చూసిందే లేదు.

బడి వెనక ఇసుక దిబ్బ సగం తుఫానుకు కోసుకుపోయింది. మిగతా సగం మీది మొగలి పొదల్ని రొయ్యల గుంటలకు దారి కోసమని కొట్టేశారు. గాలి లేస్తే ఇసుక వచ్చి పిల్లల పలకల మీద పడేది. ఆ దిబ్బను మళ్లీ బతికించాలనిపించింది నాకు. బాలబంద తీగ, మొగలి, తాటి, రావణాసురుడి మీసాలని అక్కడివాళ్లు పిలిచే ముళ్లగడ్డి, ఇలా ఆ ఒడ్డున పుట్టేవే నాటాలి. తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు, పీతల బొరియలు, పిట్టలు నీళ్లు తాగే పల్లం అందరూ వచ్చి చూడాలి. అది ఊరి తోట కావాలి.

ఊరి పెద్దకు చెబితే అంతా విని, "చేసుకోండి టీచరమ్మా" అన్నాడు. అది ఒప్పుకోవడమే అనుకున్నాను.

పిల్లల చేత తాటిమట్టలు తెప్పించి కంచె కట్టిస్తుంటే, బడి పక్కన ఎండుచేపలు ఆరబెట్టుకునే అవ్వ వచ్చి నిలబడింది.

"కంచె ఎందుకమ్మా?"

"మేకలు రాకుండా అవ్వా."

"మేకలకేనా, మాక్కూడానా?"

నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆ ఒడ్డున మొదట కంచె వచ్చేది, తర్వాత బుల్డోజరు, ఆపైన రొయ్యల గుంట. పక్క పల్లెలో మంచినీళ్ల బావి ఉప్పగా మారింది అలాగేనట. ఆ సంగతి అప్పటికి నాకు తెలియదు.

కొన్నాళ్లకు మా అన్న వచ్చాడు. ఆత్మకూరులో ఎరువుల అంగడి వాడిది. వెంట తెల్లప్యాంటు వేసుకున్న మనిషి ఒకాయన. నేను టీ పెట్టి తెచ్చేలోగా ఆయన దిబ్బ మీద ఈ చివర నుంచి ఆ చివరకు అడుగులు కొలుస్తూ నడిచాడు. పల్లె అంతా చూసింది.

మర్నాడు పొద్దున కంచె మొత్తం పీకి, నా వాకిట్లో పేర్చి ఉంది. ఒక్క మట్ట విరగలేదు. నన్ను తిట్టిపోసినా అంత భయం వేసేది కాదు.

ఆ రోజు నుంచి పంపు దగ్గర ఆడవాళ్లు నన్ను చూడగానే మాటలు ఆపేసేవాళ్లు. పిల్లలు దిబ్బ మీదికి పోవద్దని ఇంట్లో అన్నారంటూ తల వంచుకునేవాళ్లు. మొదట నాకు కోపం వచ్చింది. తర్వాత ఆ మనిషి అడుగులే కళ్ల ముందు మెదలసాగాయి. చూసిపోవడానికి వచ్చినవాడు కొలవడం ఎందుకు?

శనివారం బడి వదలగానే బస్సెక్కి, సంగం మీదుగా ఆత్మకూరు పోయాను. అన్న అంగట్లో ఒక్కడే ఉన్నాడు.

"ఆయనెవరు అన్నా?"

"ఎవురైతే ఏందే? తెలిసినాయన."

"గుంటలకు చూసినాడా?"

అన్న లేచి అంగడి బయటికి తొంగి చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "అది పోరంబోకు. నువ్వు కంచె వేసినావు. ఇంకో రెండేళ్లు గడిస్తే ఆ నేల నీ అనుభవంలో ఉందని చెప్పుకోవచ్చు, గుంటలకు ఆయనే తీసుకుంటాడు. టీచరువి, నిన్నెవురు అడుగుతారు?"

పల్లె అనుమానించింది నిజమే. అనుమానించాల్సిన మనిషి మాత్రం నేను కాదు, మా అన్న. అన్నం తినకుండానే తిరుగు బస్సెక్కాను.

సోమవారం పడవలు ఒడ్డుకు చేరే వేళకు పోయి, అందరి ముందూ జరిగింది చెప్పాను.

అవ్వ నా మొహంలోకి చూసింది. "సొంత అన్న మీదనే చెప్తుండావే. ఎందుకు?"

"కంచె ఎందుకని నువ్వే అడిగినావు గదా అవ్వా. అప్పుడు నాకు తెలీదు."

"ఇదీ నాటకమేమో" అన్నారెవరో వెనక నుంచి. ఊరి పెద్ద చెయ్యెత్తి ఆపాడు.

"తోట మేమే వేస్తాం. కంచె ఉండదు. నువ్వు మాత్రం ఒక్క మొక్క కూడా నాటబాక. బడి చూసుకో."

కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా సరేనన్నాను.

వాళ్లు అన్నంత పనీ చేశారు. ఇంటికింత చోటని పంచుకుని నాటారు. మొక్కల చుట్టూ చిరిగిన వలలు కట్టారు. తెల్లప్యాంటు మనిషి కొలత గొలుసుతో ఇద్దరిని వెంటేసుకుని మళ్లీ వచ్చిన రోజు, ఆడవాళ్లు దిబ్బ నిండా చేపలు పరుచుకుని కూర్చున్నారు. కాలు పెట్టే సందు లేదు. ఆ వాసనకు ముక్కు మూసుకుని నిలబడి నిలబడి, చివరికి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. మా అన్న చాలాకాలం నాతో మాట్లాడలేదు. నాయన చెప్పినా వినలేదు.

ఒక చలికాలం పొద్దున అవ్వ నన్ను కేకేసి పిలిచింది. సముద్రం నుంచి దిబ్బ దాకా ట్రాక్టరు చక్రం నడిచినట్టు జాడ. కుక్కలు తవ్వకుండా ఆ చోటు మీద వల కప్పి ఉంది.

"తాబేలు గుడ్లు పెట్టి పోయినాది. చూడు. చెయ్యి పెట్టబాక."

చేతులు వెనక్కి కట్టుకుని చూశాను. ఆ తర్వాత పక్క ఊళ్ల బళ్ల నుంచి పిల్లల్ని తీసుకొచ్చేవాళ్లు. పీతల బొరియలు, పిట్టల పల్లం అన్నీ అవ్వే తిప్పి చూపించేది. నేను వాళ్ల వెనకే నడిచేదాన్ని.

మళ్లీ ఉదయగిరికి బదిలీ కాగితం వచ్చినప్పుడు, ఊరి పెద్ద నా పెట్టె బస్సు దాకా మోసుకొచ్చాడు. బస్సు కదలబోతుంటే కిటికీ దగ్గరికి వచ్చి, "కొత్తగా వచ్చే అయ్యవారు ఏ ఊరాయన? ఎట్టాంటోడు?" అని అడిగాడు. తెలిసింది చెప్పాను. తెలియనిది తెలియదనే చెప్పాను.