సామలు, పది సార్లు

కుక్కర్ మూత తీయగానే ఉడికిన బొబ్బర్ల వాసన వచ్చింది. ఆ వాసనకు నాకు సుభద్ర మేడం గుర్తొస్తారు. బొబ్బిలిలో నేను డిగ్రీ చదివే రోజుల్లో ఆవిడ మాకు చరిత్ర చెప్పేవారు. ఆవిడకిష్టమైన ఒక ఫ్రెంచి ఊరు తెల్ల చిక్కుడు గింజలకు పేరుపడింది. అంటువ్యాధికి భయపడి జనం ఊరు వదిలి పోతుంటే బళ్ళలోంచి గింజలు జారిపడ్డాయట. తిరిగొచ్చేసరికి అవే మొలిచి, కాసి, వాళ్ళను బతికించాయట. "కథేలే, కానీ బాగుంటాది," అనేవారు మేడం.

ఈ సాయంత్రం ఆవిడ మరీ గుర్తొచ్చారు. కారణం, రెండో తరగతి చదివే మా పాప. నిన్న తిండిగింజల పేర్లు రాస్తూ 'సామలు' అని రాసింది. చామదుంపల్ని సామదుంపలనే ఇంట్లో పెరిగినదాన్ని నేను. 'స' కనబడితే చాలు, మా యాసేమోనని భయం. దానిమీద గీత గీసి, 'చామలు' అని పది సార్లు రాయించాను. ఏడుస్తూనే రాసింది. ఇవాళ బళ్ళో పదింటికీ ఎర్ర గీతలు పడ్డాయి. పాప ఆ పేజీ తెచ్చి నాకు చూపించింది. పుస్తకం సంచిలో పెట్టేసుకుని, "ఇంకనించి నాన్ననే అడుగుతాలే," అంది. పొద్దుటి నుంచీ పనితో ఒళ్ళు హూనమై ఉంది. "మీ టీచరుకే తెలీదు" అనేద్దామని నోటిదాకా వచ్చింది.

మేడం దగ్గర ఎప్పుడో విశాఖలో కొన్న, అట్ట ఊడిన పాత ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉండేది. అంతా ఆ ఒక్క ఊరి చరిత్రే. ఆ పేరును ఆవిడ అక్షరాలను బట్టి 'సాయిసన్స్' అని చదివేవారు. పాఠంలో లేకపోయినా ఏటా రెండు రోజులు దాని గురించే చెప్పేవారు. రోమన్ల కాలపు గోడలు, తొలి రాజుల కొలువు, ఒక మఠాన్ని విప్పి ఆ రాళ్ళతో పెద్ద చర్చిని బాగుచేసుకోవడం, మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ చర్చే దెబ్బతినడం, మళ్ళీ రాయి మీద రాయి పేర్చుకోవడం. "మన బొబ్బిలి కోట మీద ఫిరంగులు పేల్చినోళ్ళ దేశంలో కూడా ఫిరంగులకి కూలిన ఊళ్ళున్నాయమ్మా," అనేవారు.

ఒకసారి ఫోనులో ఆ ఊరి పేరు విని, ఆత్రం పట్టలేక క్లాసులోనే అనేశాను. "మేడం, దాన్ని స్వాసోఁ అంటారట."

క్లాసంతా గొల్లుమంది. నేను ఫోను మేడం చేతికిచ్చాను. మేడం ఫోను చెవికి ఆనించుకుని మూడుసార్లు విన్నారు.

"ఒసే లలితా, ఇరవై ఏళ్ళుగా పాపం ఆ ఊరి పేరు పాడు సేస్తన్నానే!"

బోర్డు మీద పాత పేరు తుడిచి కొత్తది రాశారు. అక్కడితో ఆగలేదు. పక్కగదిలోని సీనియర్ల దగ్గరికి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు. "నేను తప్పు సెప్పినాను, ఈ పిల్ల సరిసేసింది. దిద్దుకోండి."

"పరీక్షలో అడుగుతారా మేడం?" అన్నాడు వెనక బెంచీలోంచి ఒకతను.

"అడగరురా. మన బొబ్బిలిని ఎవడైనా బబ్లీ అంటే ఊరుకుంటావేటి?"

బయటికొచ్చాక నా ముఖం చూసి నవ్వారు. "ఎందుకే ఒణికిపోతన్నావు? తప్పు నాది కదా."

మేడం పోయి రెండేళ్ళయింది. కొత్తవలసలోని ఈ ఇరుకు వంటింట్లో ఆ మాట ఇంకా వినబడుతోంది. కుక్కర్ పక్కన పెట్టి పాప పక్కన కూర్చున్నాను.

"నువ్వు రాసిందే రైటమ్మా. నేనే తప్పు చెప్పాను."

అనుమానంగా చూసింది. "అయితే నువ్వు కూడా పది సార్లు రాయి."

దాని పుస్తకంలోనే 'సామలు' అని మొదలుపెట్టాను. ఒక్కొక్కటీ వేలుపెట్టి లెక్కపెట్టింది. ఏడోదాని దగ్గర నా భుజం మీద నిద్రపోయింది. కళ్ళు మూతలు పడుతున్నా మిగిలిన మూడూ రాశాను.