ఎండబెట్టిన పెళ్లి క్యాసెట్

మా మేనత్త పోయింది. పొద్దున కంగ్టి నుంచి ఫోన్ వచ్చేసరికి నేను స్టూడియో షట్టర్ ఎత్తుతున్నాను. మళ్లీ దించేసి బయల్దేరాను. సమాధుల తోటలో మట్టి వేసి వస్తుంటే చుట్టాలు నన్ను పట్టుకుని, "వీడియోల పని నీదే గదా, మంచి పాట పెట్టి ఆమె యాదిలో ఒకటి చెయ్యరాదు" అన్నారు. బతికుండగా ఒక్కపూట వచ్చి చూసిన మొహాలు కావు. చెయ్యను పొమ్మన్నాను. దానికి బదులు ఇది రాస్తున్నాను.

అత్తకు నోరెక్కువ. నారాయణఖేడ్ బస్టాండు దగ్గరున్న నా దుకాణానికి వస్తే కూర్చోకముందే మొదలు. "ఏం రో, గీ దుకాణం నడుస్తుందా, నిద్రపోతుందా?" అనేది. ఛాయ్‌లో చక్కెర తక్కువైతే హోటలువాణ్ణి, ఎక్కువైతే నన్ను తిట్టేది. కానీ నా చిన్నతనంలో అమ్మ మంచం పడితే నాకు అన్నం పెట్టింది ఆమే. "ఏడుస్తే కడుపు నిండదు, తిని ఏడువు" అంటూ ముద్ద నోట్లో కుక్కేది. ఆ రుణం తీరేది కాదు.

పెళ్లయిన ఏడాదికే ఆమె భర్త హైదరాబాదులో, కడుతున్న బిల్డింగు మీంచి పడి చనిపోయాడు. మళ్లీ పెళ్లి మాట ఎత్తినవాళ్లను చీపురు పట్టుకుని తరిమిందట. ఉన్న ఒక్క ఫోటో మిద్దె కురిసి అద్దానికి అతుక్కుపోయింది. ఇక మిగిలింది పెళ్లి క్యాసెట్. పురుగు పట్టకుండా దాన్ని కందుల గుమ్మిలో వేపాకు వేసి దాచింది. ఏటా ఎండాకాలం కందులతో పాటు దాన్నీ మిద్దె మీద ఎండబెట్టింది. ఒక్క ఏడు కూడా మరవలేదు.

పోయినేడు ఆ క్యాసెట్ తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"షుగర్‌తోని కండ్లు పోతున్నయి రా. పోకముందు ఆయన మొకం ఒక్కపారి చూపియ్యి."

విప్పి చూస్తే రీలు నిండా తెల్లటి బూజు. అంచులు ఎండకు వంకర్లు పోయాయి. అలాగే పెడితే వీసీఆర్ హెడ్డుకు బూజంటి ఏమీ కనిపించదు. చేత్తో రీలు తిప్పుతూ పొడిగుడ్డతో తుడిచి, బాగున్న ఇంకో క్యాసెట్ డబ్బాలోకి మార్చాను. అయినా తెర మీద చుక్కలే. సర్దుబాటుకు ట్రాకింగ్ మీట తిప్పితే బొమ్మ నడుం దగ్గర విరిగి పైకి పాకేది. కంప్యూటరులోకి ఎక్కిస్తుంటే బొమ్మ పోయిన చోటల్లా రికార్డింగు ఆగిపోయేది, మళ్లీ మొదటికి రావాలి. పాస్టర్ ప్రార్థన వినబడింది. బిర్యానీ తినేవాళ్లు నిక్షేపంగా కనబడ్డారు. పెళ్లికొడుకు వచ్చేచోటే గీతలు. ఆ తినేవాళ్లను చూస్తుంటే ఒళ్లు మండిపోయింది.

"ఎట్ల ఖరాబైంది రా? గంత పైలంగ పెట్టుకుంటి, ఏటా ఎండకు పెడితి" అంది అత్త ఒకరోజు. ఫోటో దిగడానికొచ్చిన పెద్దమనిషి పకపకా నవ్వాడు. "క్యాసెట్‌ను ఎవలన్న ఎండబెడతరా అమ్మా? నువ్వే ఖరాబు చేసుకున్నవ్!" అత్త నోరు మొదటిసారి మూతపడింది. చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

బీదర్ నుంచి ఇంకో పాత వీసీఆర్ తెచ్చి పెడితే చివరికి బొమ్మ నిలబడింది. కబురు పెట్టాను. ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. తెర మీద, ఎవరిదో వదులు కోటు వేసుకున్న పెళ్లికొడుకు చెమట తుడుచుకుంటున్నాడు. సరిగ్గా మీసాలైనా రాలేదు. అత్త ముక్కు తెరకు తగిలేంత వంగి చూసింది.

"గీన కాదు."

"పక్కన నువ్వే గదా అత్తా."

"కాదంటున్న గదా! గీడు పోరడు. మా ఆయన పెద్దమనిషి, తల నెరిసి..."

అక్కడ ఆగిపోయింది. ఇన్నేళ్లూ ఆమె మనసులో ఆయన ఆమెతో పాటే ముసలివాడయ్యాడు. నాకప్పుడు అర్థమైంది.

మొన్న దవాఖానలో చూడబోతే, నా గొంతు గుర్తుపట్టి చెయ్యి పట్టుకుంది.

"ఇన్నొద్దులు కండ్లు మూస్తే ఆయన వచ్చి కూసునేటోడు, ముచ్చట పెట్టేటోడు. ఇప్పుడు గా కోటు పోరడే వస్తుండు. వానితోని ఏం మాట్లాడాల్నో తెలుస్తలేదు. నా మొగణ్ణి ఏం జేసినవ్ రా?"

నా చెయ్యి వదిలి మొహం గోడవైపు తిప్పుకుంది. నేనున్నంతసేపూ ఆ చూపులేని కళ్లు మూతపడకుండా తెరుచుకునే ఉన్నాయి.