అడ్వాన్సు ఎవరి చేతిలో పడింది

ఆ వడ్రంగి ఇంట్లో అడ్వాన్సు అనే మాట లేకుండా పూట గడవదు. కొట్టు అద్దెకు అడ్వాన్సు, కలపకు అడ్వాన్సు సరే. మొగుడు ఆలస్యంగా వస్తాడని తెలిసిన రోజున ఆయన భార్య తిట్లు కూడా పొద్దున్నే అడ్వాన్సుగా ఇచ్చేస్తుంది!

కొట్టులో మాత్రం ఆ మాట ఉత్త డబ్బు కాదు. అడ్వాన్సు ఏ చేతిలో పడితే ఆ పని ఆ చేతిదే. మొదటి గీత నుంచి పాలిష్ దాకా ఇంకొకరు వేలు పెట్టకూడదు. అడిగితే చెక్కను నున్నగా చిత్రిక పట్టి అందించవచ్చు, అంతే. ఈ కట్టుబాటు పెట్టింది ఆయనే. అదేం చిత్రమో, అడ్వాన్సు కూడా ఎప్పుడూ ఆయన చేతిలోనే పడేది! ఏళ్ల తరబడి చెక్కలకు చిత్రిక పట్టీ పట్టీ కూతురికి చిత్రికమ్మ అనే పేరు మిగిలింది. 'ఇది నేను చేశాను' అని చెప్పుకోవడానికి ఒక్క వస్తువైనా ఉండాలని ఆమె ప్రాణం కొట్టుకుపోయేది.

ఆ రోజు తండ్రి తలుపు చట్రానికి జిగురు పెట్టి రెండు చేతులా అదిమి పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే బట్టల కొట్టు యజమానురాలు హడావిడిగా వచ్చింది. పొడవాటి బల్ల కావాలని కొలతలు చెప్పి, నోట్లు చాపింది.

"చేతులు ఖాళీ లేవమ్మా, మా అమ్మాయికివ్వండి."

అనేశాక నాలుక కరుచుకున్నాడు. ఏం లాభం? నోట్లు అప్పటికే చిత్రికమ్మ గుప్పిట్లో ఉన్నాయి. ఆమెకు ఎగిరి గంతేయాలనిపించింది.

"నాన్నా! అడ్వాన్సు నా చేతిలో పడింది!"

"ఊరికే పట్టుకోమన్నానే తల్లీ!"

"ఆ కట్టుబాటు పెట్టింది నువ్వే కదా?"

యజమానురాలు మొహం ముడుచుకుంది. "బల్ల ఈ అమ్మాయి చేస్తుందా? అయితే నా డబ్బు నాకిచ్చెయ్యండి."

చిత్రికమ్మ నోట్లున్న గుప్పిట బిగించింది. 'నేనే చేస్తాలెండి' అని తండ్రి ఒక్క మాటంటే బేరం నిలుస్తుంది, ఆమె మళ్లీ చిత్రిక దగ్గరికి పోతుంది. ఆయన చట్రం మీంచి తలెత్తి కూతురి గుప్పిట వంక చూశాడు.

"ఇష్టం లేకపోతే తీసుకెళ్లండమ్మా. ఈ కొట్టులో ఆ బల్ల చేసేది మాత్రం మా అమ్మాయే."

యజమానురాలు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "చెప్పిన రోజుకి ఇవ్వాలి మరి" అని గొణిగి వెళ్లిపోయింది.

జిగురు పట్టాక తండ్రి చేతులు తుడుచుకుని, కలప పేర్చిన అటక కింద నిలబడ్డాడు.

"ఏ చెక్క దించమంటావు?"

ఆయన తనకోసం దాచుకున్న టేకు పలకను చూపించింది చిత్రికమ్మ. తండ్రి నిచ్చెన వేశాడు.