పంతొమ్మిది వ్యాసాలు, ఒక్క నివేదిక

అమెరికాలోని మా నార్త్ డకోటా రాష్ట్రంలో ఇరవై రెండేళ్లు స్కూల్ బస్సు నడిపిన కార్లిస్ ట్వేట్, యాభై దాటాక యూనివర్సిటీలో చేరింది. గంటల తరబడి బస్సు ప్రయాణం పిల్లల చదువును ఏం చేస్తుందన్నది ఆమె పరిశోధన. ముందు ఆ విషయం మీద వచ్చిన వ్యాసాలన్నీ సమీక్షించాలి. లైబ్రరీలో ఆ పని నేర్పాల్సిన ఖర్మ నాది.

మూడోసారి తిరిగొచ్చిన సమీక్షను తెచ్చి నా బల్ల మీద పడేసింది. పైన ఆమె పరిశోధన గైడ్ ప్రొఫెసర్ సాండ్‌విక్ రాత: "ఇది ఉత్త జాబితా. శుక్రవారానికి సరిచేయకపోతే ఈ పరిశోధన వదిలేయండి."

ఫలానావారు ఇలా అన్నారు, ఫలానావారు అలా అన్నారు. అరవై పేరాలు! చదివేసరికి నా తల తిరిగిపోయింది.

"ఏంటిది కార్లిస్, బస్సెక్కిన పిల్లల హాజరు తీసుకున్నావా?"

"ఒక్కర్నీ వదల్లేదుగా! ఇంకేం కావాలంట ఆయనకి?"

"ప్రయాణం ముప్పావుగంట దాటితే మార్కులు పడిపోతాయని ఇంతమంది రాశారే, అసలు కొలిచిందెవరు?"

"అందరూనూ."

"చూశావా?"

చూడలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. రెండు రోజులు పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో వ్యాసం ఎవరిని ఆధారం చేసుకుందో వెతికించాను. మార్కులు పడిపోతాయన్న పంతొమ్మిది వ్యాసాలూ యాభై ఏళ్ల కిందటి ఒకే నివేదికను చూపించాయి. దాన్ని వేరే రాష్ట్రపు లైబ్రరీ నుంచి తెప్పించాను. గురువారం మధ్యాహ్నం వచ్చింది, పదకొండు పేజీలు.

కార్లిస్ నిలబడే చదివింది. బస్సుల మరమ్మతులున్నాయి, మంచులో ఆలస్యాలున్నాయి. మార్కుల ఊసే లేదు.

"చచ్చాను! ఈ పంతొమ్మిదిలో సాండ్‌విక్ గారిదీ ఉంది. రేపు సంతకం పెట్టాల్సింది ఆయనే. ఈ నివేదిక సంగతి రాయకుండా వదిలేస్తే ఎవరికి తెలుస్తుంది?"

"నీకు తెలుస్తుంది. రెండు రోజులుగా నా బుర్ర తిన్నది ఇందుకేనా?" అని విసుక్కున్నాను గానీ, నిజంగానే వదిలేస్తుందేమోనని నాకు భయంగానే ఉంది.

మర్నాడు తోడు రమ్మంటే ఆయన గదికి వెళ్లాను. సాండ్‌విక్ సరిచేసిన సమీక్ష పేజీలు తిప్పుతూ, ఆ పంతొమ్మిదిలో తన పేరు దగ్గర ఆగాడు. మొహం కందగడ్డయింది.

"ఆ నివేదిక మీరు సరిగ్గా చదివారా?"

"నాలుగుసార్లు చదివానండీ. మరి మీరు?"

ఆయన నివేదిక కోసం చెయ్యి చాచాడు. పదకొండు పేజీలూ చదివాడు. సంతకం పెట్టి కాగితాలు తిరిగిచ్చాడు.

"దీన్ని చూడకుండా రాసిన ఆ పంతొమ్మిదిలో నా పేరే మొదట రాయండి," అన్నాడు.