గానుగ, కొప్పెర, పోలండ్ సాబు

పెళ్లిళ్లు రకరకాలుగా చెడిపోతాయి. కట్నం దగ్గర, జాతకం దగ్గర, భోజనాల్లో మాంసం ముక్కలు తక్కువ పడిన దగ్గర. కాని కుదిరిన పెళ్లిని పెళ్లికొడుకే స్వయంగా, సాక్షిని వెంటబెట్టుకుని వచ్చి, నిండు సభలో ఉపన్యాసం ఇచ్చి మరీ చెడగొట్టుకోవడం మీరెక్కడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి.

ఎనభైల నాటి మాట. నేను బోధన్ దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీలో గుమాస్తాను. పేరు గంగాధర్, ఇంటిపేరు కొప్పెర. డిగ్రీ పాసయ్యాను కాబట్టి లోకంలో నాకు తెలియనిది లేదనుకునే వయసు. మా బాపు నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఒక సంబంధం చూశాడు. బట్టల దుకాణం గానుగల రాజన్న గారి ఒక్కగానొక్క కూతురు సుజాత. అన్నదమ్ములు లేరు, అక్కచెల్లెళ్లు లేరు.

పెళ్లిచూపుల్లో మమ్మల్ని ఇద్దరినీ కాసేపు వరండాలో మాట్లాడుకోమన్నారు. నేను గొంతు సవరించుకుని చక్కెర తయారీ గురించి మొదలుపెట్టాను. ఆమె చాలా ఓపికగా విని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"కొప్పెర ఏంది? గదేం ఇంటిపేరు?"

"అంటే... మా తాతల నుంచి గదే వస్తున్నది."

"మాది గానుగల. చెప్పుకోనికన్న మంచిగుంటది. రేపు నన్ను అందరు కొప్పెర సుజాత అంటరు. ఇంత పెద్ద గిన్నె నెత్తిన పెట్టుకున్నట్టు!" అని చేతులు బారలా చాపి చూపించి పకపకా నవ్వింది.

ఆ నవ్వుకు నేను పడిపోయాను. నిజం చెబుతున్నాను, ఆ పిల్ల నాకు అంత నచ్చింది. కాని అదే నవ్వుకు నా పౌరుషం కూడా దెబ్బతింది. మా ఇంటిపేరు వెనుక తప్పకుండా ఒక గొప్ప కథ ఉండి ఉంటుందని, దాన్ని తవ్వి తీసి ఈమె ముందు పెట్టాలని అక్కడికక్కడే నిర్ణయించుకున్నాను. రాజుల ఖజానాలో బంగారం నింపిన కొప్పెరలకు మా ముత్తాతలు కాపలా ఉండేవారని ఒక ఊహ కూడా అల్లుకున్నాను. ఆ బంగారం ఏదని మాత్రం ఎవరూ అడగకూడదు.

సంబంధం కుదిరింది, నిశ్చితార్థం చెరుకు సీజను అయ్యాక పెట్టుకుందామన్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఫ్యాక్టరీకి ఒక కొత్త యంత్రం బిగించడానికి పోలండ్ నుంచి ఇంజనీరు దిగాడు. ఆయన ఇంటిపేరు ట్షినోవిచ్. అది ఎవరి నోటికీ పట్టకపోవడంతో గేటు దగ్గర వాచ్‌మన్ ఆయనకు "పోలండ్ సాబు" అని పేరు ఖాయం చేశాడు. నాకు ఇంగ్లీషు వచ్చని అపోహపడి మేనేజరు గారు నన్ను ఆయన వెంట తిప్పారు. ఆయనకూ ఇంగ్లీషు అంతంతమాత్రమే కాబట్టి మా ఇద్దరికీ బ్రహ్మాండంగా కుదిరింది.

ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో చాయ్ తాగుతూ ఆయన ఇంటిపేరుకు అర్థం అడిగాను. అడగ్గానే ఆయన మొహం పెళ్లిపందిరిలా వెలిగిపోయింది. పాపం, అప్పటిదాకా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదేమో. వాళ్ల భాషలో రెల్లుగడ్డికి ఒక మాట ఉందట. ఏ కాలంలోనో ఏదో చెరువు ఒడ్డున రెల్లు పొదల పక్కన ఇల్లు కట్టుకున్నవాడి పిల్లలకు ఆ పేరు వచ్చిందట. ఆ పేరు చాలా అరుదట. పోలండ్ మొత్తం గాలించినా ఆ ఇంటిపేరు వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందేనట. ఆయన సెలవుల్లో ఊరూరా తిరిగి టెలిఫోన్ పుస్తకాలన్నీ వెతికాడు. ఆ పేరు ఎక్కడ ఎక్కువగా కనిపించిందో ఆ వైపు వెళ్లి, అక్కడి ముసలివాళ్లను అడిగి, ఆ చెరువును కూడా పట్టుకున్నాడు. ఇదంతా చెప్పి, జేబులోంచి ఆ చెరువు ఫోటో తీసి చూపించాడు. నాకు నీళ్లు, గడ్డి తప్ప ఇంకేమీ కనిపించలేదు కాని ఆయన కళ్లలో మాత్రం తడి కనిపించింది.

ఇంకేముంది, నాకు దారి దొరికింది. మర్నాడే పోస్టాఫీసుకు వెళ్లి జిల్లా టెలిఫోన్ పుస్తకం ముందేసుకున్నాను. కొప్పెర ఇంటిపేరు ఒక్కటంటే ఒక్కటి లేదు! గంతులేయడం ఒక్కటే తక్కువ. పోలండ్ సాబుకు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది ఉంటే, మాకు లెక్కపెట్టడానికి వేలు కూడా అక్కర్లేదు. ఆయన కన్నా మేమే అరుదు! ఆ రోజుల్లో ఫోను డాక్టర్లకు, సేట్‌లకు తప్ప ఇంకెవరికీ ఉండేది కాదన్న చిన్న విషయం నా పరిశోధనకు అడ్డు రాలేదు. నాలాంటి పరిశోధకులకు అలాంటివి అడ్డు రావు.

అయినా పోలండ్ పద్ధతి పోలండ్ పద్ధతే కాబట్టి ఫోన్లు లేనివాళ్లను కూడా విచారించాను. చెరుకు బండ్లతో ఫ్యాక్టరీకి వచ్చే రైతులు జిల్లాలో అన్ని వైపుల వాళ్లూ ఉంటారు. బండ్లు తూచే కాంటా దగ్గర నిలబడి వచ్చినవాణ్ణల్లా అడిగాను.

"అన్నా, మీ దిక్కు కొప్పెరోళ్లు ఎవరన్న ఉన్నరా?"

"ఇత్తడియా, రాగియా?"

"గిన్నె కాదన్నా, ఇంటిపేరు!"

"గసొంటి ఇంటిపేరు కూడ ఉంటదా?"

సీజను అయ్యేసరికి రూఢి అయింది. మా ఇల్లు తప్ప జిల్లాలో కొప్పెర వాళ్లు లేనే లేరు. పనిలో పనిగా అడిగితే, రాజన్న గారి ఇల్లు తప్ప గానుగల వాళ్లు కూడా లేరని తేలింది. అయితే మోర్తాడ్ రైతు ఒకాయన మాత్రం, వేల్పూర్‌లో ఒక పండుముసలి అవ్వ ఉందని, పాతకాలం సంగతులు ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియవని చెప్పాడు.

ఆదివారం బస్సెక్కి వేల్పూర్ వెళ్లాను. అవ్వ ఇంటి ముందు మక్క కంకులు ఒలుస్తూ కూర్చుని ఉంది. కొప్పెర అనగానే తలెత్తింది.

"కొప్పెరోళ్లా! ఇంక బతికే ఉన్నరా మీరు?"

"ఉన్నం అవ్వా. మా ఇంటిపేరు ఎట్ల వచ్చిందో చెప్పరాదు."

"మా తాత చెప్పెటోడు బిడ్డా. గీడ ఇద్దరన్నదమ్ములు ఉండెటోళ్లట. చెరుకు ఆడిపిచ్చి బెల్లం వండెటోళ్లు. ఇద్దరికి పడలె. పాలు పంచుకున్నరు. అన్నేమో గానుగ తీస్కున్నడు. తమ్ముడేమో బెల్లం వండే కొప్పెర తీస్కున్నడు. కొప్పెర లేంది గానుగేం జేస్కుంటడు? గానుగ లేంది కొప్పెరేం జేస్కుంటడు? ఇద్దరు ఆగమైండ్రు. అన్న నిజామాబాద్ దిక్కు పోయిండు, తమ్ముడు బోధన్ దిక్కు పోయిండు. గప్పటి నుంచి ఊరోళ్లు గానుగలోళ్లు, కొప్పెరోళ్లు అన్నరు."

మా వంశంలో తెలివి ఎక్కడి నుంచి ప్రవహిస్తూ వస్తున్నదో నాకు ఆ రోజు అర్థమై ఉండాల్సింది. కాలేదు. నా చెవికి ఒకే ఒక్క మాట తగిలింది. గానుగల! సుజాత వాళ్లు! ఎప్పుడో విడిపోయిన గానుగ, కొప్పెర మళ్లీ నా పెళ్లితో ఒక్కటి కాబోతున్నాయి! ఇది దైవ నిర్ణయం కాకపోతే ఇంకేమిటి?

తెలివైన పాఠకులు ఈపాటికే తల పట్టుకుని ఉంటారు. నేను పట్టుకోలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఈ కథ వినగానే సుజాత కళ్లు ఎలా మెరుస్తాయో ఊహించుకుంటూ ఇంటికొచ్చాను. బాపుకు కూడా చెప్పలేదు. అందరినీ ఒకేసారి ఆశ్చర్యపరచాలని నా కోరిక. ఆ కోరిక మాత్రం అనుకున్నదానికన్నా బాగా తీరింది.

పూలు పండ్ల రోజు, అంటే నిశ్చితార్థం రోజు, కంఠేశ్వర్‌లో రాజన్న గారి ఇల్లు కిటకిటలాడుతోంది. మా తరఫున చీర, పూలు, పండ్లు పట్టుకుని నలుగురు పెద్దమనుషులు వచ్చారు. నా తరఫున ఇద్దరు ప్రత్యేక అతిథులు వచ్చారు. ఒకరు పోలండ్ సాబు. రెండోవారు వేల్పూర్ అవ్వ. సాక్ష్యం లేకుండా చరిత్ర చెబితే ఎవరైనా నమ్ముతారా? అందుకని ఆమెను ఆటో మాట్లాడి మరీ తెచ్చాను.

చాయ్‌లు అయ్యాక నేను లేచి నిలబడ్డాను.

"మామా, ఒక్క ముచ్చట చెప్పాలె. మా ఇంటిపేరు విని కొందరు నవ్విండ్రు," అని తలుపు వైపు చూశాను. తలుపు వెనుక పట్టుచీర కదిలింది. "గందుకే నేను జిల్లా మొత్తం ఎతికిన. కొప్పెర అన్నోళ్లు మేం తప్ప ఎవ్వరు లేరు. మాది మస్తు అరుదైన పేరు. గానుగల అన్నోళ్లు మీరు తప్ప ఎవ్వరు లేరు. మీది సుత మస్తు అరుదైన పేరు. గీ రెండు పేర్లు ఒక్కటే ఇంట్ల పుట్టినయి!" అని అవ్వ కథ మొత్తం అభినయంతో సహా చెప్పేశాను. చివర్లో గానుగను ఎడమ చేత్తో, కొప్పెరను కుడి చేత్తో చూపించి రెండు చేతులూ కలిపాను.

పోలండ్ సాబు లేచి చప్పట్లు కొట్టాడు. ఆయన ఒక్కడే కొట్టాడు.

రాజన్న గారు చాయ్ కప్పు మెల్లగా కింద పెట్టారు.

"మల్లొక్కసారి చెప్పు. గా ఇద్దరు ఏమైతరు?"

"అన్నదమ్ములు మామా! సొంత అన్నదమ్ములు!"

"అన్న పిల్లల పిల్లలం మేము. తమ్ముని పిల్లల పిల్లలు మీరు."

"కరెక్టు మామా!"

"అయితే నన్ను మామా అనకు."

"మరేమనాలె?"

"పెద్దబాపు అను."

అప్పుడు బుర్రకెక్కింది నాకు. మా వాళ్లలో గోత్రం అడిగితే అందరూ ఒకటే చెబుతారు కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోరు. చూసేదల్లా ఇంటిపేరే. ఇంటిపేరు ఒక్కటైతే పాలోళ్లు, అంటే ఒకే తాత వారసులు. పాలోళ్ల ఇంట్లో ఆడపిల్ల అంటే తోడబుట్టిన చెల్లెలితో సమానం. ఇంటిపేర్లు వేరని సంతోషంగా కుదుర్చుకున్న సంబంధాన్ని, అవి వేరు కావని నేను చెమటోడ్చి నిరూపించాను.

"నీ తెలివి తెల్లారినట్టే ఉన్నదిరా!" అన్నాడు బాపు. "గీ పని నీకెవడు చెప్పిండు?"

నేను పోలండ్ సాబు వైపు చూశాను. ఆయన నాకు బొటనవేలు ఎత్తి చూపించాడు.

"అట్ల కాదు మామా... అదే, పెద్ద... కొప్పెరలు ఏ ఊర్ల లేవు? మేము వేరే కొప్పెరోళ్లం కూడ కావచ్చు గదా!"

"గిప్పుడే అంటివి గద, జిల్లా మొత్తం ఎతికినా మీరు తప్ప ఇంకొకరు లేరని!"

నిజమే, ఆ మాట అన్నది నేనే. పది ఊళ్లలో ఉండే మామూలు ఇంటిపేరు అయ్యుంటే తప్పించుకునేవాణ్ణి. అరుదైనదని చాటుకోవడానికి ఒక సీజనంతా కాంటా దగ్గర ఎండలో నిలబడ్డాను. ఇక మిగిలింది అవ్వ ఒక్కతే.

"అవ్వ పెద్దమనిషి. ఆమెకు యాద్ లేక..."

"నాకు యాద్ లేదా?" అని అవ్వ కర్ర పట్టుకుని లేచింది. "తాతల నుంచి చెప్పుకుంటున్న ముచ్చట! ముక్కులు సూడుండ్రి. గీ పిలగాని ముక్కు, గా రాజన్న ముక్కు ఒక్కతీరు లేవా?"

అందరూ చూశారు. ఒక్క తీరే ఉన్నాయి. అప్పటిదాకా ఎవరూ గమనించలేదు.

తలుపు వెనుక నుంచి సుజాత బయటికి వచ్చి నా వైపు ఒక్క చూపు చూసింది. నవ్వినప్పుడు పడిపోయానన్నాను కదా, ఆ చూపుకు లేవలేకపోయాను. ఆమె గిరుక్కున తిరిగి లోపలికి వెళ్లిపోయింది. పళ్ల బుట్టలు వచ్చిన దారినే మా ఆటోలోకి ఎక్కాయి. పోలండ్ సాబు దారిలో సంగతి తెలుసుకుని ఆశ్చర్యపోయాడు. అన్ని తరాల తర్వాత అయితే తమ దేశంలో హాయిగా చేసుకుంటారని, ఆ మాట వాళ్లకు చెప్పమని బతిమాలాడు. నేను చెప్పలేదు. ఆ రోజుకు నేను మాట్లాడింది చాలనిపించింది. ఇంటికి వెళ్లాక అన్నం సహించలేదు. నవ్వులాటగా చెబుతున్నాను కాని, చాలా రోజులు సహించలేదు.

ఆ వానాకాలం రాఖీ పున్నమి నాడు మా ఇంటి ముందు ఆటో ఆగింది. రాజన్న గారు దిగారు. వెనుక పళ్లెంతో సుజాత.

"మా పిల్లకు అన్నదమ్ములు లేరని మస్తు రంది ఉండె. నీ పుణ్యమా అని అన్న దొరికిండు," అన్నారు పెద్దబాపు, నిజంగానే సంతోషంగా.

"చెయ్యి చాపు అన్నా," అంది సుజాత.

"సుజాతా, గా అవ్వ చెప్పింది నిజమో కాదో..."

"గంత మంచిగ చెప్పినంక నిజం కాకుంటె ఎట్ల? చాపు."

చాపాను. ఆమె రాఖీ కట్టి, ముడి గట్టిగా బిగించి, నోట్లో స్వీటు కుక్కి, మెల్లగా అంది: "ఐతారం నాడు నన్ను చూసుకోనికి కామారెడ్డోళ్లు వస్తుండ్రు. అన్నవు, నువ్వు ముందట కూసోవాలె. కాని నీ కాళ్లు మొక్కుత, పిలగాని ఇంటిపేరు మాత్రం అడగకు."

ఆ స్వీటు మింగుడు పడేలోగా నేను ఘోరమైన ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో ఎవరి ఇంటిపేరు ఎలా వచ్చిందో అడగను. అడిగినా వెతకను. వెతికినా దొరికింది చెప్పను. ఒకవేళ నోరు ఆగక చెప్పినా, మూడు ముళ్లూ పడ్డాకే చెబుతాను.