ఒంటిగంటకు పోయే ఫ్యూజు

సంయుక్తగారి కాపురం చిక్కడపల్లిలో, ఆవిడ నడిపే లేడీస్ హాస్టల్ అశోక్ నగర్‌లో, చదువు నారాయణగూడలో. ఈ మూడు రాజ్యాల మధ్య స్కూటీ మీద తిరుగుతూ, యాభయ్యో ఏట ఆవిడ కౌన్సెలర్ కావాలని సంకల్పించారు. గ్రూప్స్ పరీక్షలకు చదివే ఆడపిల్లలు బాత్రూములో నల్లా విప్పుకుని ఏడవడం ఆవిడ ఏళ్ల తరబడి వింటున్నారు. నీళ్లు వృథా అవుతున్నాయని బయటి నుంచి అరిచేవారు. ఒకనాడు ఆ అరుపు తనకే నచ్చక, ఫ్లైఓవర్ పక్కన ఒక మేడ మీద సాయంత్రాలు నడిచే కౌన్సెలింగ్ కోర్సులో చేరారు.

పాఠం చెప్పే వీరరాఘవరావుగారు మొదటి నెలంతా రెండే విద్యలు నేర్పారు. ఎదుటివాళ్లు చెబుతుంటే ‘ఊఁ’ అనడం ఒకటి, చెప్పినదాన్ని మన మాటల్లో వాళ్లకే తిరిగి అప్పజెప్పడం రెండోది. సలహా ఇవ్వడం మహాపరాధం. చిక్కడపల్లిలో పుట్టి పెరిగిన మనిషికి సలహా ఇవ్వకుండా ఉండటం ఎంత కఠోర తపస్సో వేరే చెప్పనక్కర్లేదు. ఆవిడ సాధన ఇంట్లోనే మొదలైంది.

“పప్పుల ఉప్పు తక్కువైంది,” అన్నారు భర్త రమాకాంత్.

“అంటే, ఉప్పు తక్కువైనందుకు మీ మనసు కష్టపడ్డదన్నమాట.”

“మనసుకేం కాలే. ఉప్పు డబ్బా ఇటియ్యి.”

రెండో నెలలో నియమాలు వచ్చాయి. విన్నమాట గది దాటకూడదు. మన మీద ఏ విధంగానైనా ఆధారపడినవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకోకూడదు. ఈ రెండోదాని కింద సంయుక్తగారు ఎర్రగీత కొట్టుకున్నారు. గీత కొట్టుకుంటే పాటించినట్టే లెక్క అనే కదా మన చదువులన్నీ నేర్పేది. సాధనకు ఒక మనిషి కావాల్సి వచ్చేసరికి, మూడంతస్తుల నిండా దుఃఖం సొంత హాస్టల్లోనే ఉండగా పరాయివాళ్లను వెతకడమెందుకని, రెండో అంతస్తు రమ్యను పిలిచారు. సార్‌తో మాత్రం ‘తెలిసినవాళ్లకు తెలిసిన అమ్మాయి’ అన్నారు.

రమ్యది మెట్‌పల్లి దగ్గర పల్లె. పరీక్ష రాయడం ఇది మూడోసారి. ఆఫీసు గదిలో కందిపప్పు బస్తాల పక్కన రెండు కుర్చీలు వేసి, ఇక్కడ చెప్పింది ఈ గది దాటదని సంయుక్తగారు మాటిచ్చారు. రమ్య కుర్చీ అంచున కూర్చుని మొదలుపెట్టింది.

“పుస్తకం తెరిస్తె అక్షరాలు కనిపిస్తయ్ గని లోపలికి పోతలేవ్ ఆంటీ. అమ్మ ఫోన్ చేస్తె ఒకటే అడుగుతది, ‘ఈసారన్న అయితదా బిడ్డా’ అని. ఫోనే ఎత్తబుద్ధి అయితలేదు.”

“ఊఁ.”

“మధ్యాహ్నం ఒక్క గంట మంచిగుంటది. మీరు ఇంటికి పోయినంక రోజా, నేను రూముల కరెంటు పొయ్యి మీద టమాటా చారు పెట్టుకుంటం. గా గంటసేపు పరీక్ష యాదికే రాదు.”

వీరరాఘవరావుగారి శిష్యురాలు వినవలసింది ఆఖరి మాట. హాస్టల్ ఓనరు విన్నది పొయ్యి. నెల రోజులుగా ఒంటిగంటకు ఫ్యూజు ఎందుకు పోతున్నదో, ఎలక్ట్రీషియన్ నాగేందర్ ఆ నేరాన్ని గీజర్ మీద, వైర్ల మీద, చివరికి ఉడుతల మీద ఎందుకు మోపాల్సి వచ్చిందో ఆవిడకు ఆ క్షణాన తేటతెల్లమైంది. ‘ఊఁ’ అన్నారు. అది కొంచెం గట్టిగానే వచ్చింది.

మూడోనాడు ఒంటిగంటకు ఆవిడ ఇంటికి పోలేదు. నాగేందర్‌ను వెంటబెట్టుకుని, స్విచ్ బోర్డుల తనిఖీ అని, కింది నుంచి ఒక్కో గదీ చూసుకుంటూ ఏమీ ఎరగనట్టే రెండో అంతస్తుకు చేరారు. మంచం కింద దుప్పటి కప్పుకుని పొయ్యి ఇంకా వేడిగా ఉంది.

“అరె, ఇదేంది?” అన్నారు ఆశ్చర్యంగా. ఆ ఆశ్చర్యం చాలా బాగా కుదిరింది. తర్వాత ఆవిడను ఎక్కువగా కాల్చింది అదే.

పొయ్యి రోజాది. రోజా రమ్య వైపు చూసింది. రమ్య సంయుక్తగారి వైపు చూసింది. సంయుక్తగారు నాగేందర్ వైపు చూశారు. నాగేందర్‌కు చూడటానికి ఎవరూ మిగలక పొయ్యినే చూశాడు.

మర్నాటి నుంచి భోజనాల దగ్గర రోజా ఒక మూల, రమ్య ఒక మూల. రమ్య మళ్లీ ఆఫీసు గదికి రాలేదు. పొయ్యి చిక్కడపల్లిలో ఫ్రిజ్ మీదికి చేరింది. గ్యాస్ అయిపోయిన రోజు రమాకాంత్ దాని మీద పాలు కాచబోతే, “ముట్టకుండ్రి!” అని సంయుక్తగారు వేసిన కేక పక్కింటివాళ్లకూ వినబడింది.

క్లాసు అయ్యాక అందరూ వెళ్లేదాకా ఆగి, “నాకు తెలిసిన ఒకామె ఇట్ల చేసిందట సార్,” అని ఆవిడ మొత్తం చెప్పారు.

వీరరాఘవరావుగారు పూర్తిగా విన్నారు. “అంటే, ఆ తెలిసినామెకు మనసు మనసుల లేదన్నమాట.”

“లేదు సార్. ఏం చెయ్యమంటరు ఆమెను?”

“ఆమె ఏమనుకుంటున్నది?”

ఆయన విద్య ఆయన దగ్గర ఇంత బాగా పనిచేస్తుందని సంయుక్తగారు ఊహించలేదు. “ఆమె నేనే సార్,” అన్నారు.

“తెలుసమ్మా. ఈ సాధన లెక్కలోకి రాదు. మొదటి నుంచి మళ్లా చెయ్యాలె. ఆ పిల్ల ఒప్పుకుంటే ఇంకొకరి దగ్గరికి పంపుండ్రి.”

అంతవరకు తేలికే. రోజాకు ఏం చెప్పాలన్నదే చిక్కు. రమ్య చెప్పలేదంటే అబద్ధం. చెప్పిందంటే, దాటకూడని మాట రెండోసారి గది దాటుతుంది. చివరికి పొయ్యిని స్కూటీ ముందు పెట్టుకుని వెళ్లి, రోజా చేతిలో పెట్టారు.

“తప్పు నాది రోజా. రమ్య మీద కోపం పెట్టుకోకు.”

“ఆమె మీకు చెప్పిందని నాకు తెల్సు ఆంటీ.”

“దాని గురించి నేనేం చెప్పకూడదు.”

“మీరేం చెప్పకుండ్రి. మీరు రూముకు రాకముందే ఆమెనే చెప్పింది. ‘ఆంటీ మాటిచ్చింది, ఎవరికి చెప్పదు’ అని మస్తు ఖుషీగ ఉండె. ‘పిచ్చిదానా, ఆమె ఓనరే’ అని నేనన్న. ‘కాదు, కుర్చీల కూసుంటె ఆంటీ వేరే మనిషి’ అన్నది. నా కోపం చెప్పినందుకు కాదు ఆంటీ. మిమ్మల్ని నమ్మినందుకు.”

సంయుక్తగారు మెట్లెక్కి పైకి వెళ్లారు.

మేడ మీద రమ్య బట్టలు ఆరేస్తున్నది. ఆవిడ కొంచెం దూరంలోనే నిలబడ్డారు.

“నీకిచ్చిన మాట తప్పిన రమ్యా. నారాయణగూడల అరుంధతిగారని కౌన్సెలర్ ఒకామె ఉన్నది. నీకిష్టమైతేనే పో. నేను ఏది అడగ.”

రమ్య చున్నీకి క్లిప్పు పెట్టింది. “ఆమెకు హాస్టల్ గిట్ల ఉందా ఆంటీ?”

“లేదు.”

“అయితే సూస్త,” అని బకెట్ పట్టుకుని దిగిపోయింది. క్షమించానని అనలేదు. అనిపించుకునే ధైర్యం ఆవిడకూ లేదు.

వారం తిరగకముందే ఒక మధ్యాహ్నం ఆఫీసు గదిలో ఫ్యాన్ ఆగిపోయింది. సంయుక్తగారు లేచి మెట్ల దాకా వెళ్లారు. పైన చారు పోసుకుంటున్నది ఇద్దరో, రోజా ఒక్కతేనో తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుంటున్నది. ఒక మెట్టెక్కి దిగారు. వెనక్కొచ్చి, చెమటలు కక్కుతూ కూర్చుని ఫోన్ తీశారు.

“నాగేందర్, రెండో అంతస్తుకు జర లావు వైరు గుంజాలె.”

“పొయ్యి మళ్లొచ్చిందా మేడం?”

“ఉడుతలు నాగేందర్,” అన్నారు సంయుక్తగారు. “ఉడుతలే.”